దరువు అందరిదీ – దెబ్బ ఎవరిది?

డప్పుకు నిప్పు కావాలి. మంట మీద కాగకపోతే తోలు బిగియదు. తోలు బిగియకపోతే డప్పు పలకదు. మాదిగవాడలో ఐదేండ్ల పిల్లకు తెలిసిన ఈ సంగతి మాదాపూర్ అద్దాల మేడకు తెలియలేదు.

పోయిన ఏడాది మా వాడ నుంచి ఎనిమిది డప్పులు టెంపో ఎక్కి మాదాపూర్ పోయినయి. ఒక కంపెనీ వాళ్ళ వార్షికోత్సవమట. ‘తెలంగాణ సంస్కృతి’ చూపిస్తారట. మేము బడిపంతుళ్ళం. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడతామని మావోళ్ళు మమ్మల్ని కూడా వెంట తోలుకపోయిండ్రు.

ముందు గేటు కాడ ఆపి వెనక గేటుకు పొమ్మన్నారు. బండ్లు నిలిపే సెల్లార్‌లో మూడు గంటలు కూచోబెట్టారు. డప్పులు కాపుకుందామని మా సిన్నాయన నాలుగు అట్టముక్కలు పోగేసి అగ్గిపుల్ల గీస్తే సెక్యూరిటీ పిలగాడు ఉరికొచ్చిండు. ‘‘తాతా, గీడ పొగ లేస్తే పైకెంచి నీళ్ళు కురుస్తయి, నా నౌకరి ఊడుతది’’ అన్నాడు. ఆ పిలగాడిది పాలమూరు. వాడూ ఏదో ఒక వాడ నుంచి వచ్చినోడే. వాని తప్పు ఏమీ లేదు. మావోళ్ళే బయటికి నడిచి, మెట్రో పిల్లరు కింద అట్టలు కాల్చి డప్పులు కాపుకొచ్చిండ్రు. పైకి పోయేసరికి ఏసీ చలికి తోలు మళ్ళీ వదులైంది. అయినా కొట్టిండ్రు. చప్పట్లు బాగానే పడ్డయి.

అసలు సంగతి తర్వాత జరిగింది. చెవులకు గిన్నెలు పెట్టుకున్న ఇద్దరు పిలగాండ్లు మావోళ్ళను ఒక గదిలోకి పిలిచి, ‘‘పాట వద్దు, దరువు ఒక్కటే కొట్టండి’’ అని గంటసేపు రికార్డు చేసుకున్నారు. తలకు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి ఒక కాగితం ముందుకు జరిపారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ‘‘ఊరికే ఫార్మాలిటీ సార్’’ అన్నారు. ఐదు సంతకాలు, మూడు వేలిముద్రలు పడ్డాయి. చదవడానికే వెంట పోయిన మేము ఆ కాగితం చదవలేదు. టెంపో డ్రైవరు తొందర పెడుతున్నాడని ఊరుకున్నాం. ఈ నాలుగు మాటలు ఆ సిగ్గులోంచే రాస్తున్నాం.

ఆరు నెలలకు మా బడిలో ఏడో తరగతి పిలగాడు ఒకడు ఫోను పట్టుకొచ్చిండు. ‘‘సార్, గిది మా నాయిన దెబ్బ’’ అన్నాడు. ఎట్లా గుర్తుపట్టినవురా అంటే, ‘‘మా నాయిన ఎడమ చెయ్యి ఏలు క్వారీల నలిగింది గద సార్. సిటికెన పుల్ల జర ఎన్కకు పడ్తది. ఇనుండ్రి’’ అన్నాడు. విన్నాం. నిజమే. ఆ వెనక పడే దెబ్బ వాళ్ళ నాయినదే. ఒకటి కాదు, మూడు పాటల్లో ఉంది. ఒకటి ప్రేమ పాట, ఒకటి దేవుని పాట, ఇంకొకటి ప్లాట్లు అమ్ముకునే వాళ్ళ ప్రచారం. ముగ్గురు గాయకులు, ముగ్గురు రచయితలు, ఒక సంగీత దర్శకుడు, ఒక కంపెనీ. అందరి పేర్లూ తెర మీద ఉన్నాయి. డప్పు కొట్టిన ఎనిమిది మంది పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

అయినా మావోళ్ళకు కోపం రాలేదు. ‘‘మన దెబ్బ పట్నం పోయింది’’ అని సంబురపడ్డరు. వాడ పిలగాండ్లు అదే దరువు మీద మా బొందలగడ్డ జాగ కబ్జా గురించి తమ మాటలు కట్టి, ఫోనులో పాడి లోకం మీదికి వదిలిండ్రు. రెండు రోజుల్లో ఆ పాట నోరు మూతపడింది. ‘ఈ సంగీతం మాది’ అని కంపెనీ తాకీదు. నాయిన కొట్టిన దెబ్బ మీద కొడుకు పాడితే దొంగతనమట!

అన్నలారా, అక్కలారా, ఇక్కడ ఒక మాట తేటగా చెప్పుకోవాలి. ఒక దరువు మీద ముగ్గురు పాడినందుకు మాకు నొప్పి లేదు. ముప్పై మంది పాడినా నొప్పి లేదు. దరువును పంచుకోవడం మా తాతల నాటి పద్ధతి. పెండ్లికో దరువు, సావుకో దరువు, చాటింపుకో దరువు, బోనాలకు, పీర్ల పండుగకు వేరే దరువు. ఏ దరువునూ ఫలానా వాడు కట్టాడని శిలాశాసనం లేదు. వేపకర్ర గుండ్రంగా వంచి తోలు బిగించినోడు, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టినోడు ప్రతివాడూ దానికి ఒక దెబ్బ కలిపిండు. ఒకే దరువు మీద ముసలమ్మ తన బిడ్డ కష్టం పాడితే, జీతగాడు దొర దౌర్జన్యం పాడిండు. మాట మారింది, గొంతు మారింది, దరువు నిలబడింది. 1972లో మొదలైన జననాట్యమండలి చేసింది కూడా ఇదే. పల్లె బాణీలను, పల్లె దరువులను తీసుకుని కొత్త మాటలు పెట్టింది. గద్దరన్న గొంతు, గూడ అంజయ్య మాట ఊరూరికీ పాకడానికి సగం కారణం ఆ దరువు ఊరికి ముందే తెలిసి ఉండడం. తెలంగాణ ధూంధాం వేదికల మీద రాత్రంతా గాయకులు మారుతుంటే, వెనక డప్పుల గుంపు మాత్రం కదలకుండా కొట్టింది.

దీన్ని చూసి పండిత సభల వాళ్ళు ముక్కు విరుస్తారు. ‘‘అన్నీ ఒకటే దరువు, కొత్తదనం ఏముంది?’’ అంటారు. అయ్యా, ఆది తాళంలో ఎన్ని వందల కీర్తనలు లేవు? తాళం ఒకటే అని మీరు ఎన్నడైనా ముఖం చిట్లించారా? మీ తాళం ఒకటైతే సంప్రదాయం, మా దరువు ఒకటైతే దరిద్రమా? తమిళనాట మన అన్నదమ్ములు కొట్టే డప్పు పేరు పరై. ఆ పేరు నుంచే ఒక కులం పేరు, ఆ కులం పేరు నుంచే ‘పరియా’ అనే ఇంగ్లీషు తిట్టు పుట్టాయి. మా వాద్యాన్ని ప్రపంచం మొత్తానికి వెలి అనే అర్థంలో అమ్మినవాళ్ళు కొత్తదనం గురించి మాకు పాఠం చెప్పనవసరం లేదు.

ఒక దరువు, వంద గొంతులు అనే పద్ధతి మనది మాత్రమే కాదు. సముద్రాల అవతల జమైకా అనే చిన్న దీవి ఉంది. ఆఫ్రికా నుంచి గొలుసులేసి పట్టుకొచ్చిన మనుషుల బిడ్డలు అక్కడ ఎక్కువ. చెరుకు తోటల యజమానులు బానిసల డోళ్ళకు భయపడి చట్టం చేసి నిషేధించారు. డోలు మోగితే తిరుగుబాటు కబురు పోతుందని వాళ్ళ భయం. చాటింపు డప్పు మోసిన మనకు ఆ భయం సంగతి చెప్పాల్సిన పని లేదు. 1838లో అక్కడి బానిసలకు పూర్తి విడుదల దొరికింది. నిషేధం దాటి బతికిన డోలు రాస్తాఫారీ భక్తుల కూటాల్లోకి చేరింది. 1960ల చివరకు కింగ్‌స్టన్ మురికివాడల్లో రెగ్గే అనే పాట పుట్టింది.

రెగ్గేలో ప్రాణం దరువు. డ్రమ్ములు, బాస్ గిటారు కలిసి కట్టే ఆ దరువును వాళ్ళు రిడిమ్ అంటారు. ఒక రిడిమ్‌ను రికార్డు చేస్తే ఒక గాయకుడు దాని మీద ప్రేమ పాడతాడు, ఇంకొకడు దేవుణ్ణి పాడతాడు, మూడోవాడు పోలీసు దెబ్బలు పాడతాడు. రికార్డుకు ఒక వైపు పాట, రెండో వైపు పాట తీసేసిన ఉత్త దరువు. వీధిలో పెద్ద పెద్ద బాక్సులు పెట్టి ఆ ఉత్త దరువు వేస్తే మైకు అందుకున్నవాడు అప్పటికప్పుడు మాట కట్టేవాడు. స్టూడియో వన్ అనే రికార్డు సంస్థలో 1967లో సౌండ్ డైమెన్షన్ అనే వాద్యబృందం ‘రియల్ రాక్’ అనే దరువు వాయించింది. దాని మీద వచ్చిన పాటలు వందల్లో ఉన్నాయి. ఏండ్లు దాటినా కొత్త గొంతులు దాని మీదికి వస్తూనే ఉన్నాయి.

మరి వాయించిన చేతులకు ఏం దొరికింది? చాలామందికి దొరికింది ఆనాటి కూలి. దరువు ఉన్న టేపు స్టూడియో బీరువాలో ఉంది. టేపు ఎవరిదో పెత్తనం వాళ్ళది. జమైకా తన సొంత కాపీరైటు చట్టం తెచ్చుకున్నది 1993లో. తొలినాటి వాద్యగాళ్ళకు అప్పటికి పొద్దు వాలింది. చూశారా, కింగ్‌స్టన్ బీరువా, మాదాపూర్ కాగితం అక్కాచెల్లెళ్ళు!

కాని ఆ దీవిలోనే ఇంకో కథ కూడా జరిగింది. మన వాడ వాడలో చెప్పుకోవాల్సిన కథ అది. అబిస్సీనియన్స్ అని ముగ్గురు గాయకుల జట్టు ఉంది. బెర్నార్డ్ కాలిన్స్, డొనాల్డ్ మానింగ్, లిన్‌ఫోర్డ్ మానింగ్. 1969లో వాళ్ళు ఆ స్టూడియో వన్‌లోనే ‘సత్తా మస్సగానా’ అనే పాట పాడారు. ఇథియోపియా వాళ్ళ అమ్హారిక్ భాష నుంచి దేవునికి దండం పెట్టే అర్థంలో తెచ్చుకున్న మాటలవి. మన చెవికి మాత్రం సత్తా అనే వినబడుతుంది, అదీ సరిపోయింది. ఇది అమ్ముడుపోదని స్టూడియో యజమాని టేపును పక్కన పడేశాడు. ఆ ముగ్గురూ తిరిగి పోయి, 90 పౌండ్లు కట్టి, తమ టేపును తామే కొనుక్కున్నారు. 1971లో క్లించ్ అని సొంత పేరు పెట్టుకుని రికార్డు వదిలారు. పాట ఊపేసింది. రాస్తాఫారీ కూటాల్లో కీర్తన అయింది. ఆ పాట దరువు మీద ఎందరో గాయకులు, ఎందరో మైకుగాళ్ళు తమ తమ పాటలు కట్టారు. ఆ జట్టు వాళ్ళే అదే దరువు మీద వేరే మాటలు పెట్టి మళ్ళీ రికార్డులు వేశారు.

ఈ కథలో నేర్చుకోవాల్సింది ఏమిటి? వాళ్ళు దరువును దాచుకోలేదు. టేపును విడిపించుకున్నారు. విడిపించుకున్నాక కూడా ఆ దరువు పదిమందికి పోయింది. పంచుకోవడానికి, దోచుకోబడడానికి మధ్య ఉన్న తేడా ఆ 90 పౌండ్లలో ఉంది. తనదైనదాన్ని ఇచ్చేవాడు దాత. తనదని చెప్పుకునే దిక్కులేక ఇచ్చేవాడు వెట్టివాడు.

వెట్టి అనే మాట ఊరికే వాడలేదు. మా నాయిన పటేలింట్ల సావుకు పొద్దంతా డప్పు కొట్టి ఇంత గాసం మూటగట్టుకుని వచ్చేటోడు. కూలి ఎంత అని అడిగే హక్కు లేదు. రాను అనే హక్కు అసలే లేదు. మేము కాలేజీ చదివే రోజుల్లో ‘‘ఈ డప్పు అటకెక్కించు’’ అని మా నాయినతో కొట్లాడినం. ఆయన ఏమీ అనలేదు. డప్పును గోడకు తగిలించి బయటకు పోయిండు. ఆనాడు మేము అన్నది సగం నిజం. వెట్టిని కాల్చాలి, డప్పును కాదు. మేము బడిపిల్లలుగా ఉన్నప్పుడే, 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం మొదలైంది. ఊరి పనికి కట్టేసిన అదే డప్పును సంకకు తగిలించుకుని, పేరు చివర కులం పేరును ధైర్యంగా పెట్టుకుని జనం రోడ్డెక్కారు. డప్పు మారలేదు, దరువూ పెద్దగా మారలేదు. ఎవరి కోసం కొట్టాలో కొట్టేవాడే తేల్చుకున్నాడు, అంతే. ఆ ‘అంతే’ కోసం ఎంత కాలం పట్టింది!

ఇప్పుడు వెట్టి రూపం మారింది. పటేలు గడీ పోయి అద్దాల మేడ వచ్చింది. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ లేచింది. దాని దగ్గర్లోనే శిల్పారామంలో పల్లె బతుకు చూడడానికి టికెట్టు పెట్టారు. బండలు పగలగొట్టి, ఇసుక మోసి ఆ నగరాన్ని లేపిన చేతులు పాలమూరువి, శ్రీకాకుళానివి. ఆ చేతులే దాని లోపలికి పోవాలంటే వెనక గేటు. అవే చేతుల దరువు మాత్రం ముందు గేటు నుంచే పోతుంది, ఫోనులోకి, సినిమాలోకి, పెండ్లి డీజేలోకి పోతుంది. మనిషి అంటరాడు, మనిషి సప్పుడు అంటుతుంది!

కొందరు మంచి మనసున్న వాళ్ళు మాకు హితవు చెబుతున్నారు. ‘‘కళ అందరిది మాస్టారూ, దానికి లెక్కలు కడితే ఎట్లా?’’ అంటున్నారు. కళ అందరిదే అయితే మా పిలగాండ్ల పాట నోరు ఎందుకు మూసినట్టు? మా నుంచి పోయేటప్పుడు అందరిది, మా దగ్గరికి వచ్చేటప్పుడు కంపెనీదా? ఇది పంపకం కాదు, ఒక దిక్కే తెరుచుకునే తలుపు.

చట్టం ఏమంటుందో మేము ఆలస్యంగానైనా చదివినం. ఊరుమ్మడి దరువు మీద ఏ కంపెనీకీ సొంతదారు హక్కు లేదు. వాళ్ళకున్నది ఆ రోజు పట్టిన ఆ శబ్దం మీద మాత్రమే. మన డప్పులు మనం మళ్ళీ కొట్టి, మళ్ళీ రికార్డు చేసుకుంటే అడ్డుచెప్పే హక్కు ఎవడికీ లేదు. ఇంకొకటి. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ వల్ల వాయించేవాడికి, పాడేవాడికి, ఆడేవాడికి ‘ప్రదర్శకుడి హక్కు’ వచ్చింది. ఆ హక్కు 50 ఏండ్లు నిలుస్తుంది. 2012 సవరణ ఇంకా ముందుకు పోయింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడితే ప్రదర్శకుడికి రాయల్టీ హక్కు ఉందన్నది. ప్రదర్శకుడిగా తన పేరు చెప్పుకునే హక్కు ఉందన్నది. సినిమా గాయకులు దీన్ని పట్టుకుని సంఘం కట్టి 2013లో ప్రభుత్వ గుర్తింపు తెచ్చుకున్నారు. ఏసీ గదిలో పాడినవాళ్ళకు అక్కరకొచ్చిన చట్టం మంట కాడ డప్పు కాపుకునే వాడికి అక్కరకు రాదా? చట్టం దానంతట అది వాడకు నడిచి రాదు. బాబాసాహెబ్ చదువు, సంఘటితం, పోరాటం అని ఊరికే చెప్పలేదు. అందులో చదువు వంతు మాది. ఆ రోజు మాదాపూర్‌లో మేము ఎగ్గొట్టింది ఆ వంతునే.

ఇక మన ఇంటి సంగతి. పక్కోని గేటు గురించి మాట్లాడి మన వాకిలి మరచిపోతే న్యాయం కాదు. 2025లో వర్గీకరణ కోసం హైదరాబాద్‌కు పిలుపునిచ్చినప్పుడు వేల గొంతులు, లక్ష డప్పులు అన్నారు. ఆ లెక్కను ఒకసారి చూడండి. గొంతులు వేలల్లో, డప్పులు లక్షల్లో. కాని మన సభల కరపత్రం మీద ఎవరి పేర్లు ఉంటాయి? గాయకుల పేర్లు, వక్తల పేర్లు. కింద చివరి వరుసలో ‘డప్పు బృందం’ అని ఒక ముక్క. గాయకునికి శాలువా, డప్పు కొట్టినోనికి చాయ్. కంపెనీ మావోళ్ళ పేర్లు వేయలేదని ఇంతసేపు కోపపడ్డ మేమే, మొన్నటి అంబేద్కర్ జయంతి కరపత్రంలో ఆ ఎనిమిది పేర్లు వేయలేదు. కరపత్రం రాసింది మేమే. ఇంకా ఒకటి ఉంది. ఆడపిల్ల డప్పు పట్టుకుంటే ‘‘నీకెందుకే’’ అనే నోళ్ళు మన వాడలోనే ఉన్నాయి. దరువు అందరిదీ అన్నప్పుడు ఆ అందరిలో మన అక్కలు లేరా?

అందుకే మా వాడలో కూచుని కొన్ని మాటలు అనుకున్నాం. మీ వాడలో కూడా కూచుని అనుకోండి. తక్కువైనవి కలపండి.

ఒకటి, పేరు లేకుండా దెబ్బ లేదు. సభ అయినా, సినిమా అయినా, కంపెనీ పండుగ అయినా కొట్టిన ప్రతి మనిషి పేరు రాయాలి. మొదలు మన కరపత్రాల నుంచే.

రెండు, తెలుగులో రాయని కాగితం మీద సంతకం లేదు. వాడలో చదువుకున్న బిడ్డ దాన్ని పైకి చదివి వినిపించాలి. అందరూ విన్నాకనే వేలు పడాలి.

మూడు, ఆట కూలి వేరు, రికార్డు కూలి వేరు. రికార్డు చేస్తే ఒక ప్రతి మన దగ్గర ఉండాలి. ఆ దరువు మీద మన వాడ బిడ్డలు పాడుకునే హక్కు కాగితంలోనే రాయించాలి.

నాలుగు, మన దరువులను మనమే రికార్డు చేసుకుందాం. ఎవరు కొట్టారో, ఏ ఊరిదో పేర్లతో సహా. వాటి మీద ఏ వాడ పిల్ల పాడుకున్నా అడ్డు లేదు. పేరు చెబితే చాలు.

ఐదు, బెదిరింపు మీద ఎవని సావుకూ డప్పు లేవదు. పిలుపు ఉండాలి, కూలి ముందే తేలాలి, రాను అనే హక్కు ఉండాలి.

ఆరు, ఆంధ్రప్రదేశ్ పింఛను జాబితాలో డప్పు కళాకారులు ఉన్నారు. తెలంగాణ పింఛను జాబితాలోనూ వాళ్ళకు చోటు ఉండాలని ఊరూరా అర్జీ పెడదాం.

బొందలగడ్డ పాట సంగతి అడుగుతారేమో. పోయిన ఆదివారం మా బడి వెనక చింతచెట్టు కింద మంట వేసినం. ఎనిమిది డప్పులు కాగినయి. ఇద్దరు ఆడపిల్లలు సిర్ర పట్టిండ్రు. ఏడో తరగతి పిలగాని నాయిన మొదటి దెబ్బ వేసిండు. సిటికెన పుల్ల ఎప్పటి లెక్కనే జర వెనక పడ్డది. ఫోనులో పట్టినం. ఈసారి ముందుగా పేర్లే చెప్పినం, ఎనిమిది పేర్లు, ఊరి పేరు, ఆ తర్వాతే పాట. కంపెనీ తాకీదు పంపదల్చుకుంటే పంపనీ. ఈసారి కాగితం మేము చదువుతాం.

జై భీమ్!